అప్‌డేట్: హ్యారీ–హెర్మయొనీ జంట కుదిరింది

హ్యారీ పోటర్ పాత్రలతో నేను రాస్తున్న ఫ్యాన్‌ఫిక్షన్‌లో (అభిమాని సొంతంగా అల్లే కథ), మూలంలో హెర్మయొనీకి జంటైన రాన్‌ను, హ్యారీకి జంటైన జిన్నీని చెడ్డవాళ్లుగా చూపకుండా హ్యారీ–హెర్మయొనీలను నమ్మేలా ఎలా కలపాలని అడిగాను కదా. అందరూ అన్నట్టే, మూలకథను ఒక్కచోటే మలుపు తిప్పాను: ఏడో పుస్తకంలో (2007) ముగ్గురూ దాక్కున్న గుడారం వదిలి వెళ్లిన రాన్, నా కథలో డిసెంబరులో కాకుండా మార్చిలో తిరిగొస్తాడు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. మూలంలో గడ్డకట్టిన మడుగులోంచి హ్యారీని లాగేదీ, విలన్ వోల్డెమార్ట్ ఆత్మలో ఓ ముక్క దాగిన లాకెట్‌ను పగలగొట్టేదీ రానే. అతను లేకపోతే ఆ రెండూ హెర్మయొనీ మీద పడతాయి. తనను పగలగొట్టబోయేవాళ్లకు వాళ్ల భయాలనే చూపించే ఆ లాకెట్ ఆమెకు ఏ భయాన్ని చూపిస్తుందో తేల్చుకోనిదే ఆ సన్నివేశం నిలబడదు.

రాన్ వెళ్లాక ఆమె ఏడవడం మూలంలోనే ఉంది. దాన్ని దాటేస్తే పాఠకులు క్షమించరు, క్షమించకూడదు కూడా. అందుకే నా కథ మొదటి నాలుగు అధ్యాయాల్లో ప్రేమ ఊసే లేదు. ఐదోదానిలో హ్యారీ తల్లిదండ్రుల ఊరు గాడ్రిక్స్ హాలోలోని శ్మశానం: ఆమె మంత్రదండంతో పూలచక్రం సృష్టిస్తుంది, హ్యారీ అందుకుని వాళ్ల సమాధి మీద పెడతాడు. మాటలేమీ పెట్టలేదు.

జిన్నీ విషయానికొస్తే, స్కూల్లో ఎవరెక్కడున్నారో చుక్కలుగా చూపే మాయా మ్యాప్‌లో ఆమె చుక్క కోసం హ్యారీ చూడటాన్ని తీసేయలేదు. మూడుచోట్ల ఉంచి, ప్రతిసారీ ఇంకాస్త తక్కువసేపు చూసేలా రాశాను.