ఏసీటీఎన్3 జెల్‌లో 205 గీత మసకగా వస్తే ఆర్ఎక్స్ అనుకోవాలా?

అలిపిరి మెట్లెక్కే అరవై దాటినవాళ్ళ పిడికిలి బలాన్ని ఏసీటీఎన్3 అనే కండరాల జన్యువులోని ఆర్577ఎక్స్ తేడాతో పోల్చి చూస్తున్నాం (ఆర్, ఎక్స్ అని రెండు రకాలు; తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి కాబట్టి ఆర్ఆర్, ఆర్ఎక్స్, ఎక్స్ఎక్స్). పిడికిలి బలం కొలిచే డైనమోమీటరుతో పేచీ లేదు: మోచెయ్యి 90 డిగ్రీలు, మగవాళ్ళకి 28, ఆడవాళ్ళకి 18 కిలోలకు తగ్గితే బలహీనం (2019 ఆసియా ప్రమాణం). తలనొప్పంతా డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి గీతలుగా విడదీసే జెల్ దగ్గరే.

డీఎన్ఏను కోసే డీడీఈ-1 ఎంజైముతో కోస్తే ఆర్ రకానికి 205, 86; ఎక్స్ రకానికి 108, 97, 86 బేస్ జతల (డీఎన్ఏ పొడవు కొలత) ముక్కలు రావాలి. కొన్ని శాంపిళ్ళలో 108, 97 ముదురుగా, 205 మాత్రం పొగచూరినట్టు వస్తోంది. 291 దగ్గర కోయని ముక్క మాత్రం లేదు. ఇది ఆర్ఎక్సా, కోత పూర్తవ్వని ఎక్స్ఎక్సా?

ఎంజైము పెంచి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచితే తేలుతుందా, సీక్వెన్సింగే (డీఎన్ఏ అక్షరాలు నేరుగా చదవడమే) దిక్కా? 2 శాతం అగరోజ్ జెల్‌లో 108, 97 కలిసిపోతున్నాయి. 3 శాతం చాలా, చిన్న ముక్కల్ని ఇంకా బాగా విడదీసే పాలీఅక్రిలమైడ్ జెల్లే వాడాలా? తిరుపతి, చిత్తూరు ల్యాబుల్లో చేసినవాళ్ళుంటే చెప్పండి. ఒక్క జన్యువుతో బలం తేలదని తెలుసు, ఆ చర్చ వద్దు.