మైపాడు దగ్గర ఒక రాత్రి గుడారం: ఏ కత్తులు పెట్టుకోవాలి, ఇసుకలో మేకులు నిలుస్తాయా?

గుడారం_కావలి (ప్రశ్న)

అన్నలకు నమస్కారం. వచ్చే శనివారం నలుగురం కావలి నుంచి బయలుదేరతాం. ఆ రాత్రి నెల్లూరు జిల్లా మైపాడు బీచ్ దగ్గర సరుగుడు తోటలో, ఆదివారం రాత్రి పెంచలకోన అడవిలో ఉండాలని అనుకున్నాం. తోట ఆసామి సరేనన్నాడు. నా దగ్గరున్నవి మోరా కంపానియన్ స్టెయిన్‌లెస్ (మడవని చిన్న కత్తి), ఒపినెల్ 8వ నంబరు కార్బన్ స్టీలు మడత కత్తి, కమాన్ పట్టీతో కమ్మరి చేసిచ్చిన 12 అంగుళాల మచ్చుకత్తి, ఒక చిన్న గొడ్డలి. నాలుగూ పెట్టుకోవాలా? ఇద్దరేసి పట్టే గుడారాలు రెండున్నాయి. వాటితో వచ్చిన సన్న మేకులు ఇసుకలో ఆగుతాయా? రాత్రికి చేపల పులుసు.

కొలిమి

ముందు పెంచలకోన సంగతి తేల్చుకో తమ్ముడూ. ఆ అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘ఆయుధం’ అంటే తుపాకులు, ఉచ్చులే కాదు, కత్తులు కూడా అని పేరు పెట్టి రాశారు. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో లోపలికి పోకూడదని 31వ సెక్షన్, అడవికి ముప్పయ్యేలా నిప్పు రాజేయకూడదని 30వ సెక్షన్ చెబుతాయి. కూరగాయల కత్తే గదా అంటే కుదరదు. కోనకు పగటిపూట వేరే రోజు పోయి స్వామి దర్శనం చేసుకుని రండి. కత్తుల సంచి ఇంట్లో పెట్టి పోండి.

మైపాడుకు మోరా, మచ్చుకత్తి చాలు. గొడ్డలి బరువు దండగ. సరుగుడు తోటలో రాలిన కొమ్మలు బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉంటాయి, వాటికి మచ్చుకత్తి సరిపోతుంది. అది రోడ్డు మీద సంచి అడుగున, ఒరలో, తాడుతో కట్టి ఉండాలి. ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన కత్తుల్ని ఆయుధాల జాబితాలో చేర్చారు. ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. అయినా నడుముకు కట్టుకుని బజార్లో తిరగడం తగదు.

కట్టె చీల్చాలంటే మోరాను కట్టె మీద నిలిపి వెన్ను మీద ఇంకో కట్టెతో కొట్టొచ్చు. వాదర పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. కొట్టడానికి మొన రెండు వేళ్ల వెడల్పు బయటికి ఉండాలి కాబట్టి కట్టె 2 అంగుళాల లావు మించకూడదు. ముడి ఉన్నచోట కొట్టొద్దు. మందం రెండున్నర మిల్లీమీటర్లే, ముడిలో ఇరుక్కుంటే మెలితిప్పబోతారు, అక్కడే వాదర పెచ్చు లేస్తుంది. పిడిలోకి ఉక్కు చివరిదాకా పోదు కాబట్టి గునపంలా పైకెత్తే పని అసలు వద్దు. మడత కత్తితో మాత్రం ఎప్పుడూ కొట్టి చీల్చకండి, కీలు వదులైపోతుంది.

తీరంగాలి

గుడారం గురించి నేను చెబుతా. ఆ మేకులు పొడి ఇసుకలో రవ్వంత గాలికే ఊడొస్తాయి. ఖాళీ ఎరువుల సంచులు ఎనిమిది తీసుకురండి, గుడారానికి నాలుగు. ఒక్కోదాంట్లో నాలుగైదు కిలోల ఇసుక పోసి, మూతి కట్టి, ఆ కట్టుకే గుడారం తాడు ముడేయండి. మూర లోతు గుంత తీసి సంచి అడ్డంగా పడుకోబెట్టి, ఇసుక పోసి కాలితో తొక్కండి. తాడు ఇసుకలోంచి ఏటవాలుగా రావాలి. నిలువుగా పైకి వచ్చిందంటే సంచిని పైకి లాగేస్తుంది.

సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది, తెల్లవారుజామున నేల వైపు నుంచి తిరుగుతుంది. గుడారం వెడల్పు వైపు కాకుండా ఇరుకు వైపు తూర్పుకు పెట్టండి. రెండు వైపులా జిప్పులు జానెడు తెరిచి దోమతెర మాత్రం పూర్తిగా మూయండి. అంతా బిగించేస్తే పొద్దునకు లోపల నీళ్లు కారతాయి. దోమతెర మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తెరిచి ఉంచొద్దు. కట్లపాము రాత్రి తిరిగేది, పడకలోకి దూరుతుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. అనుమానమొస్తే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. బూట్లు దులిపి తొడుక్కోండి.

ఒడ్డు మీదకు పోతే పోటు గీత చూసుకోండి. నాచు, చెత్త వరసగా పేరుకున్న చోటే ఆ గీత. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో అది ఇంకా పైకొస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒడ్డు వైపు పెద్ద లైట్లు వేయకండి.

గుడారం_కావలి

పెంచలకోన మానేస్తున్నాం, చాలా మేలు చేశారన్నా. ఇంకో మాట. మోరా నూరిన ప్రతిసారీ వాదర గుండ్రంగా తయారవుతోంది. ఎక్కడ తప్పు?

కొలిమి

కోణం చేత్తో పట్టబోతున్నావు, అదే తప్పు. మోరాకు ఏటవాలు, అంటే వాదర వైపు సన్నబడే వాలు భాగం, వెడల్పుగా ఉంటుంది, అదే నీకు కోణం చూపిస్తుంది. ఆ ఏటవాలు మీద మార్కర్ పెన్నుతో నల్లగా గీయి. సానరాయి 1000 నంబరుది, పది నిమిషాలు నీళ్లలో నానబెట్టు. ఏటవాలును రాయికి పూర్తిగా ఆన్చి, వేలు దాని మీదే ఉంచి, ముందుకు పదిసార్లు తోసి చూడు. నలుపు అంతటా సమంగా పోతే కోణం సరిగ్గా ఉన్నట్టు. వాదర దగ్గర మాత్రమే పోతే వెన్ను పైకి లేస్తోంది, నీకు జరుగుతున్నది అదే. ఒక వైపు నూరుతూ ఉంటే అవతలి వైపు గోరుకు గరుకుగా సన్నని పొర తగులుతుంది. అది పిడి నుంచి మొన దాకా వచ్చేవరకు వైపు మార్చకు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. రెండు వైపులా అయ్యాక పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగుతూ ఇరవైసార్లు రుద్దితే ఆ పొర రాలిపోతుంది.

మచ్చుకత్తిని ఇంత సన్నగా నూరొద్దు. కొట్టే కత్తికి వాదర కాస్త బొద్దుగా ఉంటేనే మడత పడదు.

పులుసుకుండ

పులుసు మాట ఎవరూ ఎత్తలేదు. ఒపినెల్‌తో మామిడికాయ కోయకండి. కార్బన్ ఉక్కుకు పులుపు తగిలితే నల్లబడుతుంది, ముక్కకు ఇనుము వాసన పడుతుంది. మామిడికాయకీ నిమ్మకాయకీ మోరానే. పండుగప్ప తెస్తే పొలుసు కత్తి వెన్నుతో తోక నుంచి తల వైపు గీకండి, వాదరతో గీకితే పదును పోతుంది. వంజరం అయితే ఆ బాధ లేదు. చింతపండు ఇంట్లోనే నానబెట్టి రసం సీసాలో పోసుకోండి. నీళ్లు వంటకీ తాగడానికీ మనిషికి 5 లీటర్లు.

పొయ్యి మాత్రం తోట లోపల వద్దు. ఎండు సరుగుడాకు క్షణంలో అంటుకుంటుంది. తోట బయట ఇసుకలో గుంత తీసి, చుట్టూ రెండు మీటర్లు ఆకు ఊడ్చి, బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకోండి. పడుకునే ముందు నీళ్లు పోసి కలపండి, ఇసుక కప్పి వదిలేయకండి. లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది, పైన అడుగేస్తే కాలు కాలుతుంది. తిప్పడానికి ఉదయగిరి చెక్క గరిటె ఒకటి పెట్టుకోండి, తేలిక, పట్టుకుంటే చెయ్యి కాలదు.

గుడారం_కావలి

ఒపినెల్ తడిస్తే తెరుచుకోవడం లేదు. దానికేమైనా ఉందా?

కొలిమి

బీచ్ చెక్క పిడి తేమకు ఉబ్బి వాదరను పట్టేస్తుంది. గోటితో పీకొద్దు. తాళం రింగు తెరిచి, పిడి మడమను (వెనక కొసను) గట్టి చెక్క మీద ఒకసారి కొడితే మొన కొద్దిగా బయటికొస్తుంది, అప్పుడు పట్టుకుని లాగు. ఇంటికొచ్చాక మంచినీళ్లతో తుడిచి, రెండ్రోజులు నీడలో ఆరనిచ్చి, కీలు సందులో కొబ్బరినూనె రెండు చుక్కలు వెయ్యి. సముద్రపు గాలికి కార్బన్ వాదర మీద ఒక్క రాత్రికే తుప్పు చుక్కలు పడతాయి, అందుకే అక్కడున్నప్పుడు కూడా వాడిన ప్రతిసారీ తుడిచి నూనె రాయాలి. తోలు ఒరలో ఉంచి పడుకోకు, ఉప్పు తేమ తోలులోనే నిలిచిపోతుంది.