అమ్మకు విటమిన్ బి12 128 వచ్చింది. రోజూ సంగటి తినే మనిషికి ఇదెట్లా?

గుత్తి కోట కింద:
అమ్మకు 58 ఏళ్ళు. ఆరు నెలలుగా అరికాళ్ళ మంట, తిమ్మిర్లు. మొన్న గుడి నుంచి ఒక కాలికే చెప్పుతో ఇల్లు చేరింది, రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియనే లేదు. రక్తపరీక్షలో బి12 128. కనీసం 200 ఉండాలని రిపోర్టులో ఉంది. షుగర్ మాత్ర తప్ప వేరే మందుల్లేవు. గుడ్డు కూడా ముట్టదు. సంగటి, ఊరిబిండి, ఆకుకూర, ఇంతే. తిండితో సరిచేసుకోవచ్చా? సూదులు ఎన్నాళ్ళు?

బుడ్డల చేను:
ముందు ల్యాబ్ మార్చి చూడు తమ్ముడూ. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం. పాలలో అందులో మూడో వంతే. మా నాయన 80 ఏళ్ళకూ చేనికి నడిచే పోయేవాడు, సంగటి ముద్ద మీదే.

మందుల షాపు పెద్దాయన:
కాల్షియం అడిగిందెవరప్పా? 31 ఏళ్ళు కౌంటర్ వెనక నిలబడినోణ్ణి, చెప్తా విను. బి12ను తయారుచేసేది సూక్ష్మజీవులు. మనకు వచ్చేది మాంసం, చేపలు, గుడ్లు, పాల నుంచి. రాగుల్లో, ఆకుకూరల్లో వెతికితే దొరకదు. 128కి వచ్చాక పెరుగన్నంతో లాక్కురాలేం, డాక్టర్ రాసిన సూదులు వేయించాల్సిందే.

ధర్మవరం మగ్గం:
నాకు విటమిన్ డి తక్కువ. అనంతపురం ఎండల్లో డి తక్కువేందిరా అని మావాళ్ళు ఒకటే నవ్వు. తెల్లారకముందే మగ్గం గుంతలో కాళ్ళు పెడితే లేచేసరికి దీపాలు పెట్టే వేళ. ఎండ వీధిలో కాస్తుంది, నా వీపు మీద కాదు.

పెన్న ఒడ్డు:
డి అంటే గుర్తొచ్చింది. మా బావమరిదికి 60 వేల యూనిట్ల పొడి వారానికొకటి రాశారు. తొందరగా తగ్గుతుందని రోజుకొకటి పాలలో కలుపుకుని తాగాడు, రెండు నెలలు. ఆకలి పోయింది, వాంతులు, మనిషి మత్తుమత్తుగా అయిపోయాడు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీ దాకా వచ్చింది. విటమిన్ సి ఎక్కువైతే చాలావరకు ఒంటేలుకు పోతుంది, డి కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. ఆ ముక్క మాకు ఆసుపత్రిలో పడుకున్నాకే తెలిసింది.

బురుజు నీడ:
రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ కలుపుతుంటే లోపాలు రాక ఏమొస్తాయి? కడిగితే గింజలు పైకి తేలాయి. నా కళ్ళతో చూశా.

అంగన్‌వాడీ అక్క:
అది ప్లాస్టిక్ కాదు నాయనా. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మిషన్లో గింజలుగా ఒత్తుతారు. 100 కిలోల బియ్యానికి ఒక కిలో లెక్కన ఇవి కలిపారు. తేలికగా ఉండి కొన్ని తేలుతాయి. మా సెంటర్ దగ్గర తల్లులు చేటలో పోసి ఏరి మరీ పారేస్తున్నారు. ఏరి పారేసేది బి12నే, ఇక్కడ అడుగుతున్నదీ దాని గురించే!

బురుజు నీడ:
అంత మంచిదైతే మొదట్లో సంచుల మీద తలసీమియా ఉన్నవాళ్ళకు హెచ్చరిక ఎందుకు వేశారు? చెప్పండి.

అంగన్‌వాడీ అక్క:
ఐరన్ ఉంది కాబట్టి. ఆ రక్తజబ్బు ఉన్నవాళ్ళకు ఐరన్ ఎక్కువైతే ముప్పు. ప్లాస్టిక్‌కు ఎవరైనా తలసీమియా హెచ్చరిక వేస్తారా?

బురుజు నీడ:
నోరు మూయించడానికి మాత్రం ముందుంటారు.

మందుల షాపు పెద్దాయన:
అవి కలిపిన బియ్యం కిలోకు ఐరన్ 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు. లెక్క తెలియకుండా ఇద్దరూ అరుచుకుంటున్నారు.

మైదుకూరు పసుపు:
అన్నం తిన్న వెంటనే టీ తాగకండి, ఐరన్ ఒంటికి పట్టదు. నిమ్మకాయ పిండుకోండి.

ధర్మవరం మగ్గం:
టీ లేకుండా మగ్గం సాగదు పసుపన్నా.

తాడిపత్రి కోడలు:
అందరూ ఒక మాట వదిలేశారు. షుగర్ మాత్ర అన్నారు కదా, మెట్‌ఫార్మినా? ఎన్నేళ్ళుగా?

గుత్తి కోట కింద:
అవునక్కా, అదే. తొమ్మిదేళ్ళు.

తాడిపత్రి కోడలు:
మా అత్తకూ ఇట్లే అయింది. అది ఏళ్ళ తరబడి వాడితే కొందరికి పేగుల్లో బి12 సరిగా ఇంకదు. షుగర్ వల్ల కూడా కాళ్ళు తిమ్మిరెక్కుతాయి కాబట్టి మేం రెండేళ్ళు షుగర్ అనే అనుకున్నాం. మీ అంతట మీరు మాత్ర ఆపకండి, డాక్టర్‌ను అడగండి.

మందుల షాపు పెద్దాయన:
నేనూ అదే చెప్పబోతున్నా.

గుత్తి కోట కింద:
రేపే తీసుకుపోతాం. అమ్మ సూదికి ఒప్పుకుంది, పోయిన చెప్పు కోసం మాత్రం ముందు గుడికి పోదామంటోంది.

బురుజు నీడ:
తేలిన గింజల ఫోటో పెట్టా. ఎవరూ మాట్లాడరేం?