సైకిల్ మీద పోచంపల్లి వెళ్తున్నా, ఇంట్లో నడిచే మగ్గం చూడాలంటే ఎవరిని అడగాలి?

అందరికీ నమస్తే. వచ్చే నెల ఎల్బీ నగర్ నుంచి సైకిల్ మీద భూదాన్ పోచంపల్లి, అక్కడి నుంచి మరో నేత ఊరు పుట్టపాక వెళ్లి, రాత్రికి చౌటుప్పల్‌లో ఆగాలనుకుంటున్నాను.

పోయినసారి బస్సులో పోచంపల్లి వెళ్తే ఒక షాపు వాళ్లు చీరలు చూపించారే తప్ప నేత చూసే వీలు కాలేదు. చాలా బాధేసింది. ఈసారి పట్టు చీర మొదటి నుంచీ ఎలా తయారవుతుందో చూడాలని ఉంది. ముఖ్యంగా ఆసు పోయడం (దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టడం), చిటికి కట్టడం (రంగు అంటకూడని చోట దారాన్ని గట్టిగా కట్టడం). చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలట. ఆ కష్టం తల్లికి తప్పించాలనే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం నడుస్తుంటే దగ్గర నుంచి చూడాలి. నిలువు దారాలు, పేక (అడ్డం దారాలు) రెండిటికీ రంగు అద్ది నేసే డబుల్ ఇక్కత్ కూడా చూడగలిగితే ఇంకేం కావాలి!

తెలిసినవాళ్లు చెప్పండి: నేరుగా ఇంటికి వెళ్లి అడగొచ్చా, చేనేత సహకార సొసైటీలో ముందు మాట్లాడాలా? ఏ వేళకు వెళ్తే వాళ్ల పనికి అడ్డం కాకుండా ఉంటుంది? అమావాస్య రోజు మగ్గాలకు సెలవని అమ్మమ్మ చెప్పేది, ఇప్పటికీ అంతేనా? చీర కొనే స్తోమత లేదు. ఊరికే చూసి రావడం మనసుకు ఒప్పట్లేదు, డబ్బులిస్తే చిన్నబుచ్చుకుంటారేమో. ఏం చేస్తే మర్యాదగా ఉంటుంది?

విజయవాడ హైవే మీద లారీలంటే టెన్షన్. సైకిల్‌కు అనువైన ఊళ్ల దారి ఏదైనా ఉంటే అదీ చెప్పండి.