టెస్టుల్లో ఒక్కసారే వచ్చి మాయమైన బగ్: మోడల్ చెకింగ్ పనికొస్తుందా?

ప్రశ్న (మారతహళ్లి నుంచి):
అందరికీ నమస్తే. మాది తెనాలి, బెంగళూరులో చిన్న శాటిలైట్లు చేసే ఒక కంపెనీలో ఫ్లైట్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నా. పోయిన వారం సిమ్యులేటర్ మీద రాత్రంతా నడుస్తున్న కోడ్ తెల్లవారుజామున బిగుసుకుపోయింది, ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా రాలేదు. "రానిదాన్ని ఎక్కడని వెతుకుతాం, వదిలెయ్" అన్నారు. నాకేమో టెన్షన్ తగ్గట్లేదు. మోడల్ చెకింగ్ (కోడ్‌కి చిన్న నమూనా రాసి, అది నడవగల దారులన్నిటినీ టూల్‌తో వెతికించడం) చేద్దామంటే టైం లేదంటున్నారు. నిజంగా ఉపయోగం ఉంటుందా?

జవాబు 1:
వదలొద్దు తమ్ముడూ. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్ కథ అచ్చం నీదే. దిగిన కొద్ది రోజులకే కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అవడం మొదలైంది. దిగకముందు టెస్టుల్లోనే ఆ రీసెట్ కనిపించింది, కానీ మళ్లీ రప్పించలేకపోయారు. వాతావరణ డేటా చూసే చిన్న టాస్క్ (కలిసి నడిచే ప్రోగ్రామ్ పనుల్లో ఒకటి) లాక్ (ఒకసారికి ఒక టాస్కే పట్టుకోగల తాళం) పట్టుకుని ఉండగా, మధ్యలో ఇంకో టాస్క్ దూరి సీపీయూని ఆక్రమించేది, దాంతో అన్నిటికంటే ముఖ్యమైన బస్ టాస్క్ (నౌక భాగాల మధ్య డేటా నడిపేది) ఆ లాక్ కోసం కాచుకుని కూర్చునేది, గడువు దాటగానే రీసెట్. భూమ్మీదున్న నకలు మీద దాన్ని రప్పించి పట్టుకుని, ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ (లాక్ పట్టుకున్న చిన్న టాస్క్‌కి, దానికోసం కాచుకున్న పెద్ద టాస్క్ ప్రాధాన్యాన్ని కాసేపు ఇవ్వడం) ఆన్ చేసే మార్పు ఇక్కడి నుంచే పంపారు. ముందు నీ లాగ్‌లు ఎవరూ చెరపకుండా దాచిపెట్టు.

జవాబు 2:
పైన అన్నగారు చెప్పింది నిజం. మోడల్ చెకింగ్ గురించి నేను చెప్తా. పది అడుగుల చొప్పున రెండు టాస్కులుంటే, అవి ఒకదాంట్లో ఒకటి కలిసి నడిచే వరుసలు 1,84,756. రాత్రంతా నడిపినా టెస్టు అందులో ఎన్నిటిని తాకుతుంది? స్పిన్ లాంటి టూల్ అన్నిటినీ వెతుకుతుంది, బిగుసుకునే దారి దొరికితే అడుగడుగునా చూపిస్తుంది. కాకపోతే మీరు మోడల్‌లో పెట్టిందే చూస్తుంది. నాసా నౌక డీప్ స్పేస్ 1లోని రిమోట్ ఏజెంట్ (నౌకని దానంతటదే నడిపించే సాఫ్ట్‌వేర్) కోడ్‌లో కొంత భాగాన్ని 1997లో స్పిన్‌తో పరీక్షించి, టాస్కులు ఒకదానికొకటి అడ్డుపడే తప్పులు పట్టుకున్నారు. 1999 మేలో అంతరిక్షంలో ఆ రిమోట్ ఏజెంట్ బిగుసుకుపోయి, అయాన్ ఇంజిన్‌ని ఆపాల్సిన సమయానికి ఆపలేదు. ఆ తప్పు పరీక్షించని భాగంలోది, అయినా ముందు దొరికిన వాటిలో ఒకదాని రకమే! అందుకే ఒకచోట ఒక రకం తప్పు దొరికితే అదే రకం కోసం మిగతా కోడంతా గాలించండి. టైం లేదంటున్నారు కాబట్టి మొత్తం కోడ్ జోలికి వెళ్లకండి, లాక్‌లు పంచుకునే టాస్కులు మాత్రం మోడల్‌లో రాయండి, మిగతావి ఇప్పటికి వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. మా దాంట్లో లాక్‌లు పంచుకునేవి మూడే టాస్కులు, అందులో ఒకటి టెలిమెట్రీ (శాటిలైట్ స్థితి వివరాలు భూమికి పంపేది). ఆ రాత్రి లాగ్ కాపీ తీసి పెట్టా, చివరి లైన్ టెలిమెట్రీ టాస్క్‌దే. శనివారం ఆఫీసుకెళ్లి ముందు దాంతోనే మోడల్ మొదలుపెడతా.