వాల్డెన్ చెరువు బాటకు రెండు పక్కలా కంచె ఉండాలా, తీసేయాలా?

ఆష్‌లాండ్_నాన్న:
బోస్టన్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు కాంకర్డ్‌లోని వాల్డెన్ తెలిసే ఉంటుంది. మసాచుసెట్స్ స్టేట్ పార్కుల్లో ఇంత తేలిక నడక నాకు వేరే కనపడలేదు. చెరువు చుట్టూ తిరిగితే సుమారు 1.7 మైళ్లు. పెద్ద ఎక్కుడు లేదు, పైన పైన్ చెట్ల నీడ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో హాయిగా నడవొచ్చు.

నా బాధ కంచె గురించి. చాలా దూరం బాటకు రెండు వైపులా తీగ కట్టేశారు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఎదురుగా ఎవరైనా వస్తే ఒదిగి నిలబడాలి. నీళ్లు పక్కనే మెరుస్తుంటాయి, అందులో కాలు పెట్టాలంటే మాత్రం ఎక్కడో ఉన్న మెట్ల దాకా పోవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు. అలిసిపోతే గట్టున కూలబడే వీలు కూడా ఉండదు. కంచె తీసేసి బాట వెడల్పు చేయాలంటాను. మీరేమంటారు?

కాంకర్డ్_గోదావరి:
నేను కంచె ఉండాలనే పక్షం. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

మన ఊరి చెరువుకు కట్ట ఉంటుంది, కట్ట లోపలి వైపు రాళ్లు పేరుస్తారు. వాల్డెన్‌కు అదేమీ లేదు. మంచుయుగం చివర్లో ఇక్కడి హిమానీనదం వెనక్కి తగ్గుతూ ఒక పెద్ద మంచుగడ్డను వదిలేసింది. దాని చుట్టూ ఇసుక, గులకరాళ్లు పేరుకున్నాయి. గడ్డ కరిగాక మిగిలిన గుంటే ఈ చెరువు. లోతు 102 అడుగులు. అంటే గట్టు మొత్తం వదులు ఇసుకే. పైగా ఇందులోకి వచ్చే వాగూ లేదు, బయటికి పోయే వాగూ లేదు. గట్టు నుంచి జారింది ఏదైనా చెరువులోనే ఉండిపోతుంది.

ఈసారి వెళ్లినప్పుడు జనం కంచె దాటి నీళ్లలోకి దిగే చోట ఒక్క నిమిషం ఆగి చూడండి. ఓక్ చెట్టు వేళ్ల కింద మట్టి పోయి, వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. ఒక్క మనిషి దిగితే చాలు, మడమ కింద నుంచి గుప్పెడు ఇసుక నీళ్ల దాకా జారుతుంది. అక్కడికి పది గజాల్లో, కంచె అవతల, వేలెడంత పైన్ మొలకలు, బ్లూబెర్రీ పొదలు ఉంటాయి. నేల అదే, నీడ అదే. కాలు పడకపోవడం ఒక్కటే తేడా.

బర్లింగ్టన్_అమ్మ:
ఇంకో మాట. ఇక్కడి పొదల్లో జింక పిడుదులు ఉంటాయి. లైమ్ వ్యాధి వాటి వల్లే వస్తుంది. పాయిజన్ ఐవీ ఆకు తగిలితే దద్దుర్లు. పిల్లల్ని పరిగెత్తనిచ్చేటప్పుడు కంచె ఉంటే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆష్‌లాండ్_నాన్న:
ఇసుక సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇదేదో మనిషి అడుగు పెట్టని అడవి అన్నట్టు మాట్లాడకండి. 1866లో రైల్వే వాళ్లు ఈ ఒడ్డునే వినోదాల పార్కు పెట్టారు. 1902లో అది కాలిపోయేదాకా రైళ్లలో జనం వచ్చేవారు. 1922లో రచయిత ఎమర్సన్ కుటుంబంతో సహా నాలుగు కుటుంబాలు సుమారు 80 ఎకరాలు రాష్ట్రానికి ఇచ్చాయి. ఆ దానపత్రంలోనే ఉంది: ప్రజలు ఈత కొట్టడానికి, పడవ నడపడానికి, చేపలు పట్టడానికి, కూర్చుని తినడానికి అని. జనం కోసం ఇచ్చిన చోట జనాన్ని తీగల మధ్య నడిపించడం నాకు నచ్చదు.

కాంకర్డ్_గోదావరి:
అదే దానపత్రంలో ఎమర్సన్, ఈ ఒడ్డున బతికిన రోజుల గురించి పుస్తకం రాసిన థోరో, వీళ్లిద్దరి నాటి వాల్డెన్‌ను, దాని ఒడ్డునూ చుట్టుపక్కల అడవినీ కాపాడాలని కూడా ఉంది కదండీ. 1957లో కౌంటీ వాళ్లు ఈతకు వచ్చేవాళ్ల కోసమని ఒడ్డున ఎకరానికి పైగా చెట్లు కొట్టించారు. స్థానికులు కోర్టుకెక్కారు. 1960లో రాష్ట్ర సుప్రీంకోర్టు దానపత్రంలోని రక్షణ మాటకే విలువిచ్చింది. మీరు చెప్పే వెడల్పు బాట కూడా సౌకర్యం పేరుతోనే మొదలవుతుంది. ఈత వద్దని నేననను, తూర్పున పెద్ద బీచ్ ఉంది. ఎండాకాలం శనాదివారాల్లో పార్కింగ్ నిండి గేటు మూసేసే రోజులుంటాయి. అంతమంది ఎక్కడ పడితే అక్కడ దిగితే ఆ గట్టు నిలవదు.

లోవెల్_నడక:
మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చుట్టూ తిరగాలనే పట్టుదల ఎందుకు? పెద్ద బీచ్ దగ్గర కూర్చోబెట్టి, ఓపిక ఉన్నవాళ్లు థోరో గుడిసె ఉన్న చోటు దాకా వెళ్లి రావొచ్చు. 1845 జూలై 4న ఆయన కాపురం పెట్టిన చోటు అది. పది అడుగులకు పదిహేను అడుగుల గది. ఇప్పుడక్కడ రాతి స్తంభాలు, వచ్చినవాళ్లు పేర్చిన రాళ్ల గుట్ట ఉంటాయి. ఒడ్డున ఉన్నంత కంచె పైన అడవి దారుల్లో ఉండదు. ఇద్దరు మాట్లాడుకుంటూ నడవాలంటే ఆ దారులే నయం.

ఆష్‌లాండ్_నాన్న:
అమ్మకు నీళ్ల పక్కనే నడవాలని ఉంటుందండీ, అడవిలో కాదు. సరే, కంచె ఒడ్డు వైపు ఉంచండి. అడవి వైపుది తీసేసి బాట రెండడుగులు లోపలికి జరపొచ్చు కదా?

కాంకర్డ్_గోదావరి:
చాలా చోట్ల అడవి వైపు కూడా ఏటవాలే. అక్కడ తవ్వితే పైనున్న ఇసుక బాట మీదికి వస్తుంది, చెట్ల వేళ్లు తెగుతాయి. నేల చదునుగా ఉన్న చోట్ల మాత్రం ఒక బల్ల వేసి, ఎదురొచ్చేవాళ్లకు తప్పుకునే జాగా ఇస్తే నేను పూర్తిగా మీ వైపే. మీ అమ్మగారి లాంటివాళ్లకు కూర్చునే చోటు తప్పకుండా ఉండాలి. రద్దీ రోజుల్లో అందరూ ఒకే దిశలో తిరగాలని బోర్డు పెట్టినా సగం ఇబ్బంది తీరుతుంది. ఈ రెండూ అడుగుతూ పార్కు వాళ్లకు ఉత్తరం రాస్తే నేనూ సంతకం పెడతాను. కంచె తీయమని రాస్తే మాత్రం పెట్టను.

ఆష్‌లాండ్_నాన్న:
బల్లల గురించి ఈ వారంలోనే రాస్తాను. కంచె విషయంలో నా మాట మారలేదు. ఆ ముక్క వేరే ఉత్తరంలో రాస్తాను.