మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్‌లో పంచుకున్న ఎక్సెల్ ఫైలు ఎక్కడికి పోయింది?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):
నేను ఇక్కడి ఒక సంస్థలో కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తున్నాను. మా బృందంలోని ఆరుగురం సరఫరాదారుల ధరలనూ బకాయిలనూ ఒకే ఎక్సెల్ ఫైలులో నమోదు చేసుకుంటూ వచ్చాం. దాన్ని తయారుచేసిన సహోద్యోగి రెండేళ్ల కిందట టీమ్స్ గ్రూప్ చాట్‌లో పెట్టగా, అప్పటినుంచి అందరం అక్కడే తెరిచి రాసేవాళ్లం. ఆయన ఐదు వారాల కిందట ఉద్యోగం మానేశారు. నాలుగు రోజులుగా ఆ లింకు తెరుచుకోవడం లేదు. చాట్‌లో పాత సందేశాలన్నీ ఉన్నాయి, ఫైలు పేరు కూడా కనిపిస్తోంది. తిరిగి సంపాదించే మార్గం ఉందా?

జవాబు:
ఉందండి, కానీ ఆలస్యం చేయకండి. చాట్‌లో పెట్టిన ఫైలు నిజానికి చాట్‌లో ఉండదు. పంపినవారి సొంత వన్‌డ్రైవ్‌లో (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలో) 'మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్ ఫైల్స్' అనే ఫోల్డరులో ఉంటుంది, మీకు కనిపించేది దాని లింకు మాత్రమే. ఉద్యోగి ఖాతాను తొలగించాక, సంస్థ గడువు మార్చకపోతే, ఆ వన్‌డ్రైవ్ 30 రోజులు నిలిచి ఉంటుంది, అందులో పంచుకున్నవి ఇతరులకు తెరుచుకుంటూనే ఉంటాయి. మీకు ఇన్నాళ్లూ తేడా తెలియకపోవడానికి కారణం అదే అయి ఉంటుంది. ఆ తరువాత అది తొలగించిన స్థితిలో మరో 93 రోజులు ఉంటుంది; ఆలోపు మీ షేర్‌పాయింట్ (సంస్థ ఉమ్మడి ఫైళ్లుండే మైక్రోసాఫ్ట్ సేవ) అడ్మిన్ పవర్‌షెల్ అనే ఆదేశాల సాధనం ద్వారా దాన్ని పునరుద్ధరించగలరు. ఆయనకు ఫైలు పేరుతోపాటు, వెళ్లిపోయిన వ్యక్తి ఆఫీసు ఈమెయిల్ చిరునామా కూడా ఇవ్వండి.

మరొక జవాబు (కోరమంగళ):
పై జవాబు సరైనదే. ఫైలు చేతికి వచ్చాక దాన్ని మళ్లీ ఎవరి వన్‌డ్రైవ్‌లోనో పెట్టుకోవద్దని నా మనవి. టీమ్స్ ఛానెల్‌లో, అంటే బృందం లోపల ఒక్కో అంశానికి పెట్టుకునే చర్చా విభాగంలో, పెట్టిన ఫైళ్లు బృందపు షేర్‌పాయింట్ సైటులో ఉంటాయి కనుక, ఎవరు వచ్చినా ఎవరు వెళ్లినా అవి కదలవు. ధరల వివరాలు అందరికీ కనిపించకూడదనుకుంటే ప్రైవేట్ ఛానెల్ పెట్టుకోండి, దానికి వేరే సైటు ఏర్పడుతుంది. ఇంకొక మాట: అక్కడికి 'కాపీ' చేస్తే చివరి ప్రతి మాత్రమే వెళుతుంది, 'మూవ్' చేస్తే పాత వెర్షన్ల చరిత్ర కూడా వెంట వస్తుంది. బకాయిల లెక్క ఎవరు ఎప్పుడు మార్చారో చూడవలసిన మీవంటి విభాగానికి ఈ తేడా చిన్నది కాదు.

మరొక జవాబు:
మా కార్యాలయంలో గూగుల్ డ్రైవ్ వాడతాం. అక్కడా ఇదే సంగతి: 'మై డ్రైవ్'లోని ఫైలుకు యజమాని వ్యక్తి, 'షేర్డ్ డ్రైవ్'లోని ఫైలుకు యజమాని సంస్థ. కాబట్టి సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన ఈ సమస్య తీరదు. ముందుజాగ్రత్తగా ప్రతివారం ఒక నకలు మెయిల్‌లో పంపుకోవచ్చని కొందరు అంటారు. మేమూ అలాగే చేసి, ఏది అసలు ప్రతో తేల్చుకోలేక ఒక పూటంతా పోగొట్టుకున్నాం.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మా అడ్మిన్ నిన్న సాయంత్రం ఆ వన్‌డ్రైవ్‌ను పునరుద్ధరించి నాకు అనుమతి ఇచ్చారు, ఫైలును ప్రైవేట్ ఛానెల్‌లోకి మూవ్ చేశాను. ఆ తరువాత అనుమానంతో అదే చాట్‌ను వెతికితే, బృందమంతా రోజూ వాడుతున్న మరో మూడు ఫైళ్లు నా సొంత వన్‌డ్రైవ్ నుంచే నడుస్తున్నాయని తేలింది. వాటినీ ఈ ఉదయమే మార్చేశాను.